ఏడో అంతస్తు నేలకు దిగిన వైనం

చూ ఫెంగ్లాన్ నూట రెండు మెట్లు ఎక్కింది. ఎక్కుతూ లెక్కపెట్టుకుంది కూడా. ఆ ఇల్లు కొంటే బతికినన్నాళ్ళూ ఎక్కీ దిగీ చావాల్సింది తనే కదా మరి. ఏడో అంతస్తులో ఎడంచేతి వైపు తలుపు. దాని మీద "ఇల్లు అమ్మబడును, సుయ్ దెహాయ్" అని చేత్తో రాసిన కాగితం, కింద ఫోను నంబరు. తలుపు కొట్టింది, ఎవరూ పలకలేదు. ఫోను చేసింది, మోగీ మోగీ ఆగిపోయింది.

కిందికి దిగుతుంటే ఆరో అంతస్తు ఆవిడ తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"దెహాయ్ కోసమా? మధ్యాహ్నప్పూట ఇంట్లో ఎక్కడుంటాడు! గని గేటుకెదురుగా స్నానాల హాలు ఉంది చూడు, అక్కడుంటాడు."

"నేనాయన్ని ఎరగనమ్మా. ఎలా పోల్చుకునేది?"

"పోల్చుకునేదేముంది? లోపల అందరికన్నా గట్టిగా ఎవడు మాట్లాడుతుంటే వాడే."

ఫెంగ్లాన్ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు పిండి కలిపిన మనిషి. కోడి కూయకముందే డ్యూటీ, అందుకని సాయంత్రం ఆరింటికల్లా పడుకునే అలవాటు. పై వాటాలో ఉన్నవాళ్ళకు మాంసం కుడుముల వ్యాపారం. సరిగ్గా ఆరింటికే రెండు కత్తులు రెండు చేతులా పట్టుకుని చెక్క మీద మాంసం కొట్టడం మొదలుపెట్టేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఆ టకటక నెత్తిమీద పెట్టుకునే కాపురం చేసింది. మొగుడు పోయిన రోజున కూడా వాళ్ళు ఆపలేదు. ఇప్పుడా భవనాన్ని పడగొడుతున్నారు, పరిహారం చేతికొచ్చింది, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఊళ్ళో ఇళ్ళకి కరువేం లేదు. గనులు మూతపడ్డాక కుర్రకారంతా పనులు వెతుక్కుంటూ దక్షిణాదికి పోయారు, ఏ గుమ్మం చూసినా అమ్మకం కాగితమే. కానీ ఫెంగ్లాన్‌కి కావాల్సింది ఒకే ఒక్కటి. నెత్తిమీద ఎవరూ ఉండకూడదు. అంటే పై అంతస్తు. పై అంతస్తు ఇళ్ళు మూడు చూసింది. ఒకదానికి కప్పు కారుతోంది, ఒకదానికి గోడ బీట ఇచ్చింది, మూడోదాని కప్పు మీద ఎవరో కోళ్ళు పెంచుతున్నారు. ఇది నాలుగోది.

స్నానాల హాల్లో టికెట్టు కొననిదే లోపలికి వదల్లేదు. కొన్నాక స్నానం చెయ్యకుండా పోవడమెందుకని ఆడవాళ్ళ వైపు వెళ్ళి తల మీంచి వేణ్ణీళ్ళు పోసుకుని, వాళ్ళిచ్చిన పసుపు చారల అంగీ తొడుక్కుని, అందరూ సేదతీరే పెద్ద గదిలోకొచ్చింది. ఆడా మగా అంతా అవే చారల అంగీల్లో మెత్తటి కుర్చీల్లో వాలిపోయి ఉన్నారు. ఒకచోట పేకాట, ఒకచోట గురక. మధ్యలోంచి ఒక గొంతు అన్నిటినీ కప్పేస్తూ వస్తోంది. యాభై ఎనిమిదీ అరవై మధ్య ఉంటాడు, పొడగరి, క్రేను నడిపినవాళ్ళకుండే పొడుగాటి చేతులు. ఎదురుగా ఇద్దరు శ్రోతలు. ఒకాయన బొద్దుగా ఉన్న పాంగ్, గని క్యాంటీన్లో వంటవాడిగా చేసి మానేశాడు. ఇంకొకాయన న్యే, సన్నగా రివటలా ఉంటాడు, బస్సు నడిపేవాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఫెంగ్లాన్ కూర్చుని, చన్నీళ్ళ గిన్నెలో వేసిచ్చే గడ్డకట్టిన పియరు పండు ఒకటి తెప్పించుకుంది. అది మెత్తబడేలోగా మాట కలుపుదామనుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ మనిషి తొడ మీద చెయ్యి చరిచి అన్నాడు.

"అమ్మేశానయ్యా! ఏడో అంతస్తుని అమ్మేశాను."

ఫెంగ్లాన్ గిన్నె మీంచి చెయ్యి తీసేసింది.

"ఏదీ, నీ ఇల్లేనా?" అన్నాడు పాంగ్, పొద్దుతిరుగుడు గింజ పంటితో చిట్లిస్తూ.

"కాక మీ ఇల్లా? పోయిన మంగళవారం. బడిపంతులు ఒకాయన వచ్చాడు. చూశాడు, బాగుందన్నాడు, అడిగిన ధరకి సరేనన్నాడు. అంతే సంగతి."

"అంతేనా?"

"అంతే."

ఇక లేచి పోవడమే మంచిదనుకుంది ఫెంగ్లాన్. కానీ బయట సున్నాకి కింద ఇరవై ఆరు డిగ్రీలు, తల చూస్తే తడి. తడి తలతో బయటికెళితే వెంట్రుకలు పుల్లల్లా విరిగి చేతికొస్తాయి. ఆరేదాకా కూర్చోక తప్పదు. పండు చల్లదనానికి దాని చుట్టూ నీళ్ళు మంచుపెంకు కడుతుంటే గోటితో గీకుతూ కూర్చుంది.

"ఈ రోజుల్లో బేరమాడకుండా కొన్నాడంటే ఆ పంతులెవరో చూసి దణ్ణం పెట్టుకోవాలి," అన్నాడు న్యే.

"బేరమాడకుండా ఎందుకుంటాడూ? ఆడాడు. అయితే తలకిందులుగా ఆడాడు. నేను ఇంత అన్నాను. అబ్బే, అంత తక్కువకి తీసుకుంటే నాకు నిద్దర పట్టదండీ, ఇంకో పదివేలు వేసుకోండి అన్నాడు. వద్దు మాష్టారూ అన్నాను నేను. చెయ్యి పట్టుకుని లాగుతాడు, నేను వెనక్కి లాక్కుంటాను, ఇలా మేమిద్దరం గుమ్మంలో పెనుగులాడుతుంటే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాల మెట్లమీంచి ఇంకోడు, పళ్ళ డాక్టరు, ఆయాసపడుతూ వచ్చి, ఆగండాగండి, ఆ ఇల్లు నాది అంటాడు! నీదెలాగయ్యా అంటే, నేను మూడో అంతస్తులో ఉండగానే మనసులో కొనేసుకున్నానంటాడు. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పంతులికి జుట్టు లేదు, అది వేరే సంగతి."

పాంగ్ కడుపు ఊగేలా నవ్వాడు. న్యే నవ్వలేదు. "మంగళవారం అన్నావా? మంగళవారం నేను మీ వీధినే పోయాను దెహాయ్ అన్నా. పిట్ట కూడా లేదక్కడ."

"ఏ గేటు వైపు నుంచి పోయావు?"

"తూర్పు గేటు."

"అదీ! జనమంతా పడమటి గేటు నుంచి వచ్చారు. తూర్పు గేటు నుంచి చూస్తే ఏం కనబడుతుంది నీకు, చెత్తకుండీలు తప్ప?"

"జనమా? ఇద్దరేగా అన్నావు?"

"ఇద్దరు మంగళవారంనాటి మాట. బుధవారం పొద్దున తలుపు తీసేసరికి ఇరవైమంది. మధ్యాహ్నానికి ఏడో అంతస్తు నుంచి కింది దాకా మెట్టుకొకరు. సాయంత్రానికి మెట్టుకి ఇద్దరు, ఒకరి ఒళ్ళో ఒకరు. క్యూ వీధిలోకెళ్ళింది, వీధి దాటి బస్సు స్టాపుకెళ్ళింది, స్టాపులో జనాన్ని చూసి బస్సులు ఆగడం, ఆగిన బస్సుల్లోని వాళ్ళు ఇదేదో ఉచితంగా ఇస్తున్నారనుకుని దిగి క్యూలో నిలబడడం! ఎవడి నంబరెంతో తెలియక కొట్టుకు చస్తుంటే నేనే సుద్దముక్క పుచ్చుకుని అందరి కోట్ల వీపుల మీదా అంకెలు రాశాను. నాలుగువందల పన్నెండు దగ్గర సుద్ద అయిపోయింది. ఆరో అంతస్తావిడ ఏం చేసిందనుకున్నావు? ఆవిరి రొట్టెలు చేసి క్యూలో అమ్మింది. మూడు రోజులమ్మి, కూతురికి పియానో కొంది."

ఫెంగ్లాన్ గంట కిందటే ఆ ఆరో అంతస్తావిడని చూసింది. చిరుగు మోచేతి స్వెట్టరు వేసుకునుంది. వెనక గదిలో పియానో ఏదీ వినబడలేదు. గోరుతో మంచు గీకడం ఆపి, కుర్చీలో కాస్త వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది.

"ఇంతకీ నీ ఇంట్లో ఏముందని అన్నా, అంత జనం?" అన్నాడు పాంగ్. నిప్పులో కట్టె ఎగదోసేవాడి మొహం అతనిది.

"వేడయ్యా, వేడి! ఇల్లు వెచ్చబెట్టే గొట్టాల్లో వేణ్ణీళ్ళు కింది నుంచి పైకొస్తాయా, పైకొచ్చేసరికి ఆ వేడంతా నా ఇంట్లో పోగుపడుతుంది. జనవరిలో కిటికీ గట్టు మీద దోసకాయలు కాశాయి. మా ఇంట్లో ఊరగాయకి పెట్టిన క్యాబేజీ ఊరలేదు, ఉడికింది. అడవి బాతులు ఉంటాయి చూడు, చలికాలం రాగానే దక్షిణానికి ఎగిరిపోతాయి. కిందటేడు మా బాల్కనీ మీదుగా పోతూ ఆ వెచ్చదనం తగిలేసరికి, ఓహో వచ్చేశాం అనుకుని దిగిపోయాయి. పదకొండు. ఏప్రిల్ దాకా కదల్లేదు. ముందుండి దారి చూపే బాతు అయితే మరీ మొహమాటం లేకుండా నా చెప్పుల్లో పడుకునేది."

"గుడ్లు పెట్టాయా?"

"పెట్టాయి. వేడికి ఉడికిపోయి పెట్టాయి."

ఈసారి పక్కనున్న పేకాటవాళ్ళు కూడా ముక్కలు బోర్లించి ఇటు తిరిగారు. శ్రోతలు పెరగడం చూసి దెహాయ్ గొంతు ఇంకో మెట్టు పైకెళ్ళింది.

"ఈ సంగతి ఎలా పొక్కిందో ఏమో, హైనాన్ దీవి నుంచి ఒకాయన దిగాడు. మంచు మొహం ఎరగని మనిషి, పలచటి చొక్కా వేసుకుని, చంకలో కొబ్బరికాయ. మా ఇంట్లో అడుగుపెట్టాడు, పెట్టీ పెట్టగానే చొక్కా విప్పేశాడు. బాబోయ్, మా దీవిలో కూడా ఇంత ఉక్కపోత లేదే అన్నాడు. సముద్రం ఒడ్డున రెండు మేడలిస్తాను, ఈ ఇల్లు నాకియ్యి అన్నాడు. నేనేమన్నాను? నాకు సముద్రం కొత్తా అన్నాను. గాలి తేటగా ఉన్న రోజున మా వంటింటి కిటికీలోంచి చూస్తే వ్లాదివొస్తోక్ రేవులో ఓడలు కనబడతాయి, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, ఎవరి చేతిలో ఏ పెట్టె ఉందో కూడా."

"మనకి కనబడితే వాళ్ళకీ కనబడాలిగా?" అన్నాడు న్యే.

దెహాయ్ అతని వంక ప్రేమగా చూశాడు. "అబ్బ, అదయ్యా తెలివంటే! అదే జరిగింది. ఒక రష్యా కెప్టెను దుర్భిణీలోంచి నా తలుపు మీద కాగితం చదివాడు. మన అక్షరాలు రాకపోయినా నంబరు చదవొచ్చుగా? ఫోను చేశాడు. వాడి భాష నాకు రాదు, నా భాష వాడికి రాదు, ఇద్దరం గంటన్నర బేరమాడుకున్నాం. చివరికి ఓడ ఇస్తానన్నాడు. ఉత్త ఓడ కాదు, చేపలతో సహా. బాబూ, ఏడో అంతస్తులో ఓడనెక్కడ కట్టెయ్యను, బట్టలారేసుకునే తాడుకా అన్నాను. ఏడ్చాడు పాపం. ఫోన్లోనే ఏడ్చాడు."

"మరైతే ఎవరికిచ్చావు? పంతులికా, డాక్టరుకా, కొబ్బరికాయకా?"

"తొందరెందుకు? అసలు కత ఇప్పుడే మొదలవుతోంది. ఇంత జనం మెట్ల మీద నిలబడ్డారా, మన ఊరి కింద చూస్తే అంతా పాత గని బొరియలేనా! గురువారం పొద్దున కుర్రుమని ఒక శబ్దం. భూకంపమేమో అనుకున్నాను. కిటికీ తీసి చూస్తే, ఎదురు భవనంలో ఆరో అంతస్తు ముసలాయన సరిగ్గా నా ఎదురుగా నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఏమయ్యా పైకొచ్చావంటాను నేను. నువ్వే కిందికొచ్చావంటాడు వాడు. ఏమైందో తెలుసా? జనం బరువుకి మా పన్నెండో నంబరు భవనం ఒక అంతస్తు భూమిలోకి దిగిపోయింది!"

గదిలో నవ్వు ఒకేసారి లేచింది. గురక పెట్టే మనిషి ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందని అడిగి, మళ్ళీ పడుకున్నాడు.

"నవ్వండి, నవ్వండి. ఒక అంతస్తు దిగిందంటే అర్థమేమిటి? నా ఇల్లు ఏడు కాదు, ఆరు. కింది అంతస్తు ఇల్లెప్పుడూ ప్రియమే కదా. ధర పెరిగింది. ధర పెరిగిందని తెలిసి ఇంకా జనం వచ్చారు. జనం వచ్చారు కాబట్టి శుక్రవారం ఇంకో అంతస్తు. అయిదు. శనివారం నాలుగు. రోజూ పొద్దున్నే కుర్రుమనడం, నేను పోయి తలుపు మీద ధర దిద్దడం, ఇదే పని."

"ఆగన్నా," పాంగ్ చెయ్యెత్తాడు, "నువ్వు దిగుతున్నావు సరే. అసలు కింది అంతస్తు వాళ్ళ గతేమైంది?"

"వాళ్ళకేం, మహారాజులు! పాతాళంలోకి పోయారు. అక్కడ చల్లగా ఉంటుంది, చలికాలానికి దాచుకున్న క్యాబేజీలు ఒక్క ఆకు కూడా వాడిపోలేదు. ఉల్లిపాయలు కూడా మొలకెత్తలేదు. వచ్చి నాకు చుట్ట ఇచ్చి పోయారు, నీ పుణ్యమా అని పాతర తవ్వుకునే ఖర్చు తప్పిందన్నారు. ఆదివారం మూడు. సోమవారం రెండు. నిన్న పొద్దున..."

ఇక్కడ దెహాయ్ కాస్త ఆగాడు. ఆగి, శ్రోతల వైపు కాక, ఎదుట గోడ వైపు చూశాడు. గొంతు తగ్గింది. కోతలు కోసే మనిషి గొంతు కాదది, ఎవరో అడిగితే దారి చెప్పే మనిషి గొంతులా ఉంది.

"నిన్న పొద్దున నా గుమ్మం వీధికి సమానంగా వచ్చి ఆగింది. తలుపు తీస్తే రోడ్డే. మెట్లు లేవు. గడప కూడా లేదు. కాలెత్తక్కర్లేదు, మోకాలు వంచక్కర్లేదు. కర్ర పట్టుకు నడిచే మనిషి కూడా ఒక్కతీ బజారుకెళ్ళి ముల్లంగి దుంపలు కొనుక్కుని, దారిలో ఎవరైనా కనబడితే నిలబడి మాట్లాడుకుని, ఎవరి సాయం లేకుండా ఇంటికి తిరిగొచ్చెయ్యొచ్చు. ఎండ పడితే గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. అది గమనించి దెహాయ్ గబుక్కున మళ్ళీ గొంతెత్తాడు. "అప్పుడు చూడాలి ధర! ఊరిమొత్తం ఇళ్ళన్నీ కలిపినా..."

"అన్నా," అంది ఫెంగ్లాన్.

గట్టిగా అనలేదు. కానీ ఇంతసేపూ మాట్లాడని మనిషి కాబట్టి అందరూ తిరిగి చూశారు.

"నేను గంట కిందట మీ ఇంటికెళ్ళొచ్చాను. పన్నెండో నంబరు భవనం, ఎడంచేతి వైపు. నూట రెండు మెట్లున్నాయి. అన్నీ ఎక్కాను. నా పిక్కలు ఇంకా లాగుతున్నాయి."

పాంగ్ కుర్చీలోంచి జారిపడేంత నవ్వు నవ్వాడు, పేకాటవాళ్ళు ముక్కలు గాల్లోకి విసిరారు, న్యే అయితే లేచి వచ్చి ఫెంగ్లాన్ గిన్నెలో ఇంకో పండు వేశాడు. "నూట రెండట! అన్నా, రాత్రికి రాత్రి మళ్ళీ పైకి లేచిందేమో చూసుకో!"

దెహాయ్ కూడా నవ్వబోయాడు. దొరికిపోవడం అతనికి కొత్త కాదు, దొరికినా నవ్వేసి ఇంకోటి ఎత్తుకునే మనిషి. కానీ ఫెంగ్లాన్ మాట ఇంకా పూర్తి కాలేదు.

"కొందామనే వచ్చాను. నాకు పై అంతస్తే కావాలి. నెలాఖరుకి నేనున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. మీరు అమ్మేశానంటున్నారు. పంతులికో, పళ్ళ డాక్టరుకో, ఎవరికైతేనేం. వేరేచోట చూసుకుంటాను." తల తడిమి చూసుకుంది, ఆరింది. లేచి నిలబడింది.

"అమ్మలేదు!"

ఆ కేకకి గురకాయన రెండోసారి లేచాడు. దెహాయ్ నిలబడి ఉన్నాడు, చారల అంగీ ముడి ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని. "అమ్మలేదు చెల్లెమ్మా. పంతులు లేడు. డాక్టరు లేడు. ఎవరూ లేరు. కూర్చో, దయచేసి కూర్చో."

ఫెంగ్లాన్ కూర్చుంది.

"కాగితం అంటించినప్పటి నుంచి ఎంతమంది చూశారు?" అంది.

దెహాయ్ నోరు తెరిచాడు. ఆ నోట్లోకి ఏదో పెద్ద అంకె వచ్చి ఆగినట్టు అందరికీ కనబడింది. అతను దాన్ని మింగేశాడు. "రెండేళ్ళలో పదకొండు మంది. అందులో ఏడుగురు నాలుగో అంతస్తు దాకా వచ్చి, అక్కడి నుంచే వెనక్కి పోయారు."

"ఇల్లు వెచ్చగా ఉంటుందా? బాతుల సంగతి వదిలెయ్యండి."

"పద్దెనిమిది డిగ్రీలు. ఉత్తరం గదిలో పదహారు. కిటికీకి దుప్పటి కడితే పదిహేడు."

"కప్పు కారుతుందా?"

"మూడేళ్ళ కిందట కారింది. తారు వేయించాను. మళ్ళీ కారలేదు గానీ మూలన మచ్చ ఉంది. సున్నం వేసినా పోలేదు."

"భవనం కుంగుతోందా?"

"అయ్యో లేదు! ఒక్క అంగుళం కుంగలేదు. అది నా నోటి దూల."

"కప్పు మీద ఎవరైనా నడుస్తారా?"

ఇది మటుకు అతను ఊహించని ప్రశ్న. కాసేపు నిజంగా ఆలోచించాడు. "మనుషులెవరూ రారు, పైకి దారికి తాళం ఉంది. పావురాలు వస్తాయి. పొద్దున్నే నడుస్తాయి. గోళ్ళ చప్పుడు వినబడుతుంది. చెప్పకుండా ఉండొచ్చు గానీ, రేపు నువ్వే వింటావు."

"పావురాలైతే ఫరవాలేదు," అంది ఫెంగ్లాన్. "కత్తులు పట్టుకుని రావుగా." ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, ఆమె వివరించలేదు. "ఎందుకు అమ్ముతున్నారు?"

పాంగ్ ఏదో చెప్పబోయాడు. న్యే అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా ఆవిడ గుయ్‌జెన్‌కి మోకాళ్ళు పోయాయి," అన్నాడు దెహాయ్. "ఆపరేషన్ చేయించాం. ఆ రోజున వీపు మీద మోసుకుని దింపాను. మళ్ళీ ఎక్కలేకపోయింది. రెండేళ్ళుగా వాళ్ళక్క కూరగాయల కొట్టు వెనక గదిలో ఉంటోంది, ఊరికి ఆ చివర. నేను ఆదివారం ఆదివారం వెళ్ళొస్తాను. ఎనిమిదో నంబరు భవనంలో కింది వాటా మాట్లాడి పెట్టుకున్నాను. ఇది పోతేగానీ అది రాదు."

ఫెంగ్లాన్ మెత్తబడ్డ పండు తినేసి, చేతులు తుడుచుకుని లేచింది. "పదండి, చూద్దాం."

ఇద్దరూ కోట్లు, టోపీలు తగిలించుకుని మంచులో నడిచి వెళ్ళారు. నాలుగో అంతస్తు దగ్గర ఫెంగ్లాన్ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అతని మొహంలో రంగు పోయింది. ఆమె మళ్ళీ కాలెత్తి అయిదో అంతస్తు వైపు అడుగేసేదాకా గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇల్లు చిన్నది. ఒంటి మగాడి ఇల్లులా లేదు, గచ్చు తుడిచి ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. మూలన మచ్చ చెప్పిన చోటే, చెప్పినంతే ఉంది. ఉత్తరం గదిలో చలి కూడా చెప్పినంతే. ఫెంగ్లాన్ పడకగది మధ్యలో నిలబడి, టోపీ తీసి, మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. పైన ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ లేదు. గొట్టంలో నీళ్ళు మెల్లగా కదిలే చప్పుడు, అంతే. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆమె భుజాలు కిందికి దిగాయి. కళ్ళు తెరిచేసరికి దెహాయ్ గుమ్మంలో రెండు చేతులూ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఏమైనా అంటే ఈవిడ మనసు మారిపోతుందేమోనన్న భయం అతని మొహం నిండా ఉంది.

ఆమె ఒక ధర చెప్పింది. అతను కొంచెం పైన చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మచ్చ వైపు చూసి, సరేనన్నాడు. రేపు పొద్దున పత్రాల ఆఫీసు దగ్గర కలుసుకుందామనుకున్నారు.

అప్పుడతను ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. "గుయ్‌జెన్, ఇల్లు అమ్మేశాను," అన్నాడు.

చిన్న గదిలో అవతలి గొంతు ఫెంగ్లాన్‌కి స్పష్టంగా వినబడింది.

"మళ్ళీనా? సంతోషం. ఈసారి ఎవరు? ఓడ కెప్టెనా? కొట్లో జనం ఉన్నారు, ఉంటాను."

"కాదే, నిజంగా! ఒట్టు!"

"కిందటి నెల కూడా ఒట్టే వేశావు."

దెహాయ్ దిక్కుతోచక ఫోనుని ఫెంగ్లాన్ చేతిలో పెట్టాడు. "నా మాట నమ్మదు. నువ్వు చెప్పు చెల్లెమ్మా."

"అక్కా, నా పేరు చూ ఫెంగ్లాన్. మీ ఇల్లు నేను కొంటున్నాను."

"నీకెంతిచ్చాడమ్మా ఈ మాట చెప్పడానికి?"

ఏం చెబితే నమ్ముతుంది? ఫెంగ్లాన్ ఫోనుతో వంటింట్లోకి నడిచింది, అటూ ఇటూ చూసింది. "నేను మీ వంటింట్లో నిలబడి ఉన్నానక్కా. కిటికీ గడియ విరిగింది. ఎర్ర ఊలుదారంతో కట్టి ఉంది."

అవతల తరాజు పళ్ళాల చప్పుడు, ఎవరో క్యాబేజీ ధర అడగడం.

"అది నేను కట్టిందే," అంది గుయ్‌జెన్. గొంతు మారిపోయింది. "నువ్వు... నిజంగా ఆ మెట్లన్నీ ఎక్కావా తల్లీ?"

"ఇవాళ రెండుసార్లెక్కాను."

"ఆయనకివ్వు."

దెహాయ్ ఫోను చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగాడు. ఊఁ అన్నాడు. మళ్ళీ ఊఁ అన్నాడు. కోటు చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఫెంగ్లాన్ అతన్ని చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఎదురు భవనం, దాని వెనక మంచు, ఇంకేం కనబడలేదు.

గుయ్‌జెన్ అడుగుతోంది, "ఆ కింది వాటాకి మెట్లెన్ని?"

అతను నోరు తెరిచాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు ఆ నోటిది. ఒక్కసారి ఫెంగ్లాన్ వైపు తిరిగి చూశాడు.

"ఒకటి," అన్నాడు. "వీధి గుమ్మం దగ్గర. పక్కన పట్టుకోడానికి కమ్మీ వేయిస్తాను."